జగదల్‌పూర్‌లో హారిక చివరి ఆట

మా అమ్మాయి హారిక మూడేళ్లుగా కాలేజీ తరఫున అల్టిమేట్ ఫ్రిస్బీ ఆడుతోంది. పళ్లెం లాంటి డిస్క్‌ను ఒకరికొకరు విసురుకుంటూ అవతలి గీత దాటించే ఆట అది. నేను ఒక్కసారీ చూడలేదు. ఈసారి జగదల్‌పూర్‌లో గెలిచిన జట్టు రాయ్‌పూర్ పోటీలకు వెళ్తుందని, తనకిది ఆఖరి ఏడాదని, "ఒక్కసారి రామ్మా" అని అడిగింది. అందుకే బయలుదేరాను.

మేముండేది బచేలీలో, గనుల కాలనీలో. ఉదయం ఆరు గంటల బస్సు ఎక్కాం. టికెట్‌కు మనిషికి రెండు వందలు దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. దంతేవాడ దాటేదాకా దారి పొడవునా ఖనిజం లారీలే, అద్దాల మీద ఎర్ర దుమ్మే. గీదంలో బస్సు ఆగినప్పుడు పోహా, అదే అటుకుల ఉప్మా, తిని టీ తాగాం. మళ్లీ కదిలాక హారిక నా ఒళ్లో కొంగు మీద వేరుశనగ గింజలు వరుసగా పేర్చి తన ఆట చెప్పడం మొదలుపెట్టింది. "మేమంతా ఇలా లైన్‌లో నిలబడతామమ్మా. నేను డిస్క్‌కు దూరంగా పరిగెడతాను. నన్ను కాసే పిల్ల నా వెంట వస్తుంది. అప్పుడు ఇక్కడ జాగా ఖాళీ అవుతుంది. వింటున్నావా?" నేను కళ్లు మూసుకుని నామజపం చేసుకుంటున్నాను. ఊఁ అన్నాను. ఆమె గింజలు ఒక్కొక్కటే తినసాగింది.

పది దాటాక జగదల్‌పూర్‌లో దిగాం. స్టాండ్ నుంచి మైదానానికి ఆటో అతను వంద అడిగి అరవైకి ఒప్పుకున్నాడు. తెలుగు సరిహద్దున ఉన్న కోంటా వైపు మనిషి, మా మాటలు విని తెలుగులోకి దిగాడు.

"ఏంది అక్కా, పళ్లెం ఇసిరే ఆటనా? మా ఇంట్ల పళ్లెం ఇసిరితే మా అమ్మ ఈపు పగలగొట్టేది."

"మా అమ్మ కూడా అంతే అన్నా," అంది హారిక. ముగ్గురం నవ్వుకున్నాం.

ఆటలో అంపైర్ లేడు. తప్పు జరిగితే ఆడేవాళ్లే ఒప్పుకుంటారట. మొదటి సగమంతా నా చూపు నా పిల్ల మీదే. ప్రతిసారీ ఊపిరి బిగబట్టి దూరానికి పరిగెత్తేది. డిస్క్ మాత్రం విసిరే పిల్లకు ఎదురు వచ్చిన సోమారి చేతికి వెళ్లేది. సోమారి గీదం దగ్గరి పల్లె పిల్ల, హారికతో పాటే చదువుతుంది, తెలుగూ మాట్లాడుతుంది. స్కోరు సమంగా ఉంది కానీ నా మనసు చివుక్కుమంది. విరామంలో నీళ్ల సీసా అందిస్తూ అన్నాను.

"నీకొక్కసారీ వెయ్యరేమే? పరిగెత్తీ పరిగెత్తీ మొహం కందిపోయింది."

"నేను వెళ్తేనే కదమ్మా సోమారికి జాగా. బస్సులో చెప్పాను."

"జాగా సరే. ఒక్కసారైనా నువ్వూ ఎదురెళ్లి అందుకో. నేను వచ్చింది నిన్ను చూడ్డానికే కదా."

సీసా మూత బిగించి మైదానంలోకి వెళ్లిపోయింది.

చివరికి ఎవరు ఒక్క పాయింటు చేస్తే వాళ్లదే గెలుపు అనే దాకా వచ్చింది. సోమారి డిస్క్ కోసం ఎదురు పరిగెత్తింది. హారిక దూరానికి నాలుగడుగులు వేసి, గట్టు మీద కూర్చున్న నా వైపు చూసి, డిస్క్ వైపు వెనక్కి తిరిగింది. ఆమెను కాసే పిల్ల కూడా తిరిగింది. ఒక్క చోటికి నలుగురు చేరారు. డిస్క్ సోమారి వేళ్లకు తగిలి కింద పడింది. అవతలి వాళ్లు తీసుకుని రెండే విసుర్లలో ముగించేశారు.

ఆట అయ్యాక రెండు జట్లూ భుజాల మీద చేతులేసుకుని గుండ్రంగా నిలబడ్డాయి. హారిక మెల్లగా హిందీలో చెప్పింది, ఆఖరున తను దూరం వెళ్లాల్సింది, వెళ్లలేదు, తప్పు తనదేనని. నా పేరు ఎత్తలేదు. తర్వాత సోమారి నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"ఆంటీ, రోజూ హారిక పోతది, నేను వస్తా. ఇయ్యాల ఏమైందో."

సీసాలో మిగిలిన నీళ్లు ఆ పిల్లకిచ్చాను.

తిరుగు బస్సుకు వ్యవధి ఉందని దంతేశ్వరి అమ్మవారి గుడికి వెళ్లాం. నా వంతు రాగానే దణ్ణం పెట్టుకుని అలవాటుగా పక్కకు జరిగాను. నా వెనక చంటిబిడ్డనెత్తుకున్న ఆవిడకు అమ్మవారు కనిపించింది. అప్పుడు తట్టింది. ఇన్నేళ్లుగా ప్రతి గుడిలో నేను చేసేదే, తప్పుకుని ఇంకొకరికి జాగా ఇవ్వడమే, నా బిడ్డ మైదానంలో చేస్తూ వచ్చింది.

మెట్ల మీద చెప్పులు వేసుకుంటూ, "నా మాట వినే తిరిగావు కదూ?" అన్నాను.

"నువ్వు చూస్తున్నావని తిరిగానమ్మా," అంది. "పద, బస్సు వెళ్లిపోతుంది."

నన్ను మందలించినా బాగుండేది. చీకటి పడుతుండగా లారీల వెనకే మా బస్సు బచేలీ చేరింది. దారిలో హారిక నా భుజం మీద నిద్రపోయింది. కొంగులో పొద్దుటి గింజలు రెండు మిగిలి ఉన్నాయి. అవి ఏ ఇద్దరు ఆటగాళ్లో అడుగుదామనుకున్నాను, లేపలేకపోయాను. రాయ్‌పూర్ ఇక లేదు. ఆ ఆట నాకు అర్థమయ్యేసరికి ఆమె ఆడటం అయిపోయింది. మీరూ పిల్లల ఆట చూడ్డానికి ఇటు వస్తే, దిగగానే స్టాండ్‌లో తిరుగు బస్సు వేళ కనుక్కోండి, సాయంత్రం తర్వాత దొరకడం కష్టం. మైదానంలో మాత్రం నీళ్లిచ్చి ఊరుకోండి.