చాట బోర్లాపడ్డ సాయంత్రం

ఎల్లారెడ్డిలో పద్మలత ఒడిలో చాట లేని పగలంటూ ఉండదు. తునికాకు కత్తిరించడం, పొగాకు నింపి బీడీ చుట్టడం, దారంతో కట్టలు కట్టడం: అత్తగారింట అడుగుపెట్టిన నాటి నుంచీ అదే పని. ఆరో తరగతి చదివే కూతురు ఆశ్రితను మాత్రం ఆ చాట దరిదాపులకు రానివ్వదు.

పోయిన పంద్రాగస్టుకు ఆశ్రిత బడిలో ప్రసంగం ఎత్తుకుని, సగంలో మాట రాక ఏడుస్తూ స్టేజీ దిగిపోయింది. ఈసారి సారు కామారెడ్డిలో జరిగే పోటీకి నిజాంసాగర్ డ్యాం మీద ప్రసంగం రాసిచ్చాడు.

“ఈసారి గూడ ఆగిపోతే ఇగ జన్మల మైకు ముట్ట” అని పిల్ల తెగేసి చెప్పింది.

పాపం, చదివించడానికి పద్మలత కూర్చుంది గానీ, ఆ తీరు చూడాలి! పిల్ల తడబడితే చాలు, “మళ్ల మొదటిసంది చెప్పు!” దాంతో మొదటి మాటలు నిద్రలో లేపి అడిగినా వచ్చేవి. ప్రసంగంలో మంజీరా నది ముక్క దాటితే అంతా అయోమయం.

ఒకనాడు విసుగులో మోచేయి తగిలి చాట బోర్లాపడింది. విడి బీడీలు గడప దాకా చెల్లాచెదురయ్యాయి. కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. పద్మలత ఏరడం ఆపి కూతురి వంక చూసింది.

“నీ ప్రసంగం గూడ విడిగ పోసినం బిడ్డా. కట్టలు కడ్దాం.”

నది ఒక కట్ట. తర్వాత డ్యాం, గేట్లు, కాలువలు, పొలాలు. ఒకటి కాగితం చూడకుండా వచ్చేదాకా రెండోది ముట్టలేదు. అన్నీ వచ్చాక వరుస తప్పించి అడిగేది. నీళ్లు పడుతూ “కాలువల కట్ట తియ్యి” అనేది, జడ వేస్తూ డ్యాం అడిగేది. కొన్నాళ్లు ఊరుకుని అడిగితే పిల్ల తడుముకునేది. అప్పుడు ఆ ఒక్క కట్టే మళ్లీ బిగించేవారు.

పోటీ రోజు పద్మలత హాల్లో వెనక కూర్చుంది. నది, డ్యాం బాగానే సాగాయి. అక్కడ ఆశ్రిత ఆగిపోయింది. గేట్లు! తల్లి పెదవులు కదిలాయి గానీ అంత దూరం వినబడేదెలా? అయిపోయిందనుకుంది, వెళ్లి పిల్లను తీసుకొచ్చేద్దామని సగం లేచింది.

ఆశ్రిత నేరుగా కాలువల్లోకి దిగింది. బాన్సువాడ పొలాలన్నీ తడిపి, దండం పెట్టబోయి ఆగింది.

“ఆగుండ్రి, గేట్ల సంగతి మర్చిపోయిన” అని అదీ గడగడా చెప్పేసింది. హాలంతా నవ్వుతూ చప్పట్లు కొట్టింది.

బహుమతి ఇంకెవరికో పోయింది. పోతే పోనీ అనుకుంది పద్మలత. ఆమెకు ఒళ్లంతా తేలికైంది.

బస్సులో ఆశ్రిత తల్లి భుజం మీద వాలి, “వచ్చేసారి పోచారం డ్యాం గురించి చెప్త” అంది. తలెత్తి తల్లి మొహం చూసింది.

“ఏడుస్తున్నవేందమ్మా? గెలువలేదనా?”

పద్మలత కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“కాదు బిడ్డా. ఈసారి నువ్వు దిగిపోలేదు గదా.”