అత్తయ్యకు రాని ముక్కు

అత్తయ్యకు ముక్కులు రావు. కళ్ళు వచ్చు, గడ్డాలు వచ్చు, చెవి మీద నెరిసిన వెంట్రుక కూడా వచ్చు. ముక్కు దగ్గరకొచ్చేసరికి మాత్రం చేతికేదో పూనుతుంది.

ఆవిడ పని పోయినవాళ్ళ బొమ్మలు చేయడం. అట్ట మీద రంగులు పూసి, వాళ్ళు తొడుక్కున్న చొక్కాల గుడ్డ, బొత్తాలు, కళ్ళజోడు పుల్లలు అతికించి మనిషిని ఎదుట నిలబెట్టేస్తుంది. చూసినవాళ్ళు ముందు "అచ్చం ఆయనే!" అంటారు. ఆ తరువాత ఆ ముక్కు చూసి ముక్కున వేలేసుకుంటారు.

ఒకసారి ఒక టైలరు తన తండ్రి బొమ్మను చంకన పెట్టుకుని ఊడిపడ్డాడు.

"ఏవండీ, ఇది మా నాన్న ముక్కా, వంకాయా?"

"మరెలా ఉండేదేమిటి?"

"కత్తిలా ఉండేది! ఆయన తుమ్మితే వీధి చివర కుక్క లేచేది!"

"నాకు చేతకాలేదు నాయనా. ఇదిగో కత్తెర, నువ్వే కత్తిరించు."

టైలరు కూర్చున్నాడు. ముక్కుతో మొదలుపెట్టి తుమ్ములోకి, తుమ్ములోంచి తండ్రి చాదస్తంలోకి వెళ్ళాడు. కాసేపు ఏడ్చాడు, చాలాసేపు నవ్వాడు. టీ కూడా తాగే లేచాడు.

మందుల షాపులో పనిచేసే మేనకోడలు ఇదంతా చూసి తల పట్టుకునేది.

"ఫొటో చూసి వేయొచ్చు కదత్తయ్యా?"

"ఫొటోలో ముక్కు ముందుకి రాదే!"

అంతలో మేనకోడలి అమ్మ పోయింది. జ్వరమని ఆసుపత్రికి వెళ్ళిన మనిషి మళ్ళీ ఇంటికి రాలేదు. ఆ అమ్మాయి మరుసటి వారానికే షాపుకి వెళ్ళిపోయింది. ఎవరు పలకరించినా "బాగానే ఉన్నాను" అని మందుల చీటీలోకి తల దూర్చేది. అమ్మ మాటే ఎత్తేది కాదు.

ఒక ఆదివారం అత్తయ్య పిలిచి ఒక అట్ట ముందు పెట్టింది. అమ్మ! సగం అల్లి వదిలేసిన బూడిదరంగు ఊలు జుట్టయింది. పాత జాకెట్టు గుడ్డ బుగ్గలయింది. నడుమన మాత్రం బంగాళాదుంపంత ముక్కు.

"ఇదేంటత్తయ్యా! అమ్మదైనా సరిగ్గా చేయలేవా?"

"అయితే నువ్వే చెయ్."

మేనకోడలు విసురుగా కత్తెర అందుకుంది. గుడ్డ దాకా వెళ్ళి చెయ్యి ఆగిపోయింది.

"అత్తయ్యా... నాకు గుర్తు రావట్లేదు."

ఆ పిల్ల చెయ్యి దానంతటదే తన ముక్కు మీదికి వెళ్ళింది. లేచి అద్దం ముందు నిలబడింది.

"'నా ముక్కు దొంగిలించావే' అనేది అమ్మ," అంది మెల్లగా. "చిన్నప్పుడు నాకు నీళ్ళు పోస్తూ ముక్కు పిండేసేది. ఇచ్చెయ్, ఇచ్చెయ్ అని." అంతే, నవ్వూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చాయి.

కళ్ళు తుడుచుకుని, అద్దంలో చూసుకుంటూ కత్తిరించి అతికించింది. పక్కనుంచి అత్తయ్య వేలు వచ్చి అంచుని సుతారంగా నెట్టింది.

"కాస్త ఎడమకి. వదినకి అక్కడ చిన్న వంపుండేది."

నిజమే, ఉండేది. కూతురికే గుర్తులేదు.

"అంటే... నీకు ముక్కులు వచ్చా?"

"గట్టిగా అనకే!" అత్తయ్య వేళ్ళకంటిన జిగురు గీక్కుంది. "సరిగ్గా వేసిస్తే గోడకి తగిలించుకుని ఊరుకుంటారు. తప్పు వేస్తే తిట్టడానికైనా వచ్చి కూర్చుంటారు. వదినది చెడగొట్టడానికే చెయ్యి రాలేదు. ఎన్నిసార్లు వేసినా సరిగ్గానే వచ్చింది."

"మరి ఈ బంగాళాదుంప?"

"కళ్ళు మూసుకుని అతికించాను."