తల వెనక్కి పోతే లైను బాగున్నట్టే

జగ్గయ్యపేట బజారు వెనక వీధిలో అన్సార్ కేబుల్ అంటే తెలియని ఇల్లు లేదు. పేరు అన్సార్‌దే గానీ, ఫోనెత్తేది మాత్రం ఆయన భార్య గుల్షన్. వత్సవాయిలో ఏడో తరగతి దాకా చదివి, పద్దెనిమిదో ఏట ఆ ఇంటికి కోడలిగా వచ్చింది. ముందు గదిలోనే క్యాసెట్లు వేసే డెక్కులూ, వైర్ల చుట్టలూను. కూరకి తాలింపు వేస్తూనే ఫోనెత్తి, "చుక్కలు పడుతున్నాయా, గీతలు పడుతున్నాయా?" అని అడిగేది. చుక్కలైతే వెనకాల వైరు వదులైనట్టు. గీతలైతే పక్కింట్లో మిక్సీ తిరుగుతున్నట్టు. స్తంభం ఎక్కడం ఒక్కటే అన్సార్ పని, మిగతా వైద్యమంతా గుల్షన్‌దేనని వీధి వీధంతా అనుకునేది.

తొంభై ఎనిమిదిలో వాళ్లకి పెద్ద చిక్కు వచ్చిపడింది. బెజవాడ నుంచి ఒక కేబులాయన వచ్చి, ఇంకా ఎక్కువ ఛానళ్లు ఇస్తానని బజారు కొట్లవాళ్ల చుట్టూ తిరగటం మొదలుపెట్టాడు. ఆ కొట్లవాళ్లంతా పప్పుల హోల్‌సేల్ దశరథరామయ్యగారు ఎటంటే అటు. దశరథరామయ్యగారేమో వాళ్లమ్మ ఆండాళమ్మగారు ఎటంటే అటు. బజారు చెయ్యిజారితే మిగిలేవి నాలుగు చెదురు ఇళ్లు. వాటితో కేబుల్ నడవదు. అన్సార్ మళ్లీ పాత లారీ డ్రైవరు పనికి పోవాల్సిందే.

అందుకని అన్సార్ ఎక్కడెక్కడో వాకబు చేసి ఒక త్రీడీ క్యాసెట్టూ, సంచెడు అట్ట కళ్లజోళ్లూ తెచ్చాడు. ఎడమ కంటికి ఎర్ర కాగితం, కుడి కంటికి నీలం కాగితం. అవి పెట్టుకుని చూస్తే బొమ్మ టీవీలోంచి బయటికొచ్చి మొహం మీదికి వస్తుందట. ఆదివారం పదకొండింటి నుంచి సాయంత్రం దాకా వేసిందే వేస్తామని ఇంటింటికీ చెప్పి, జోళ్లు పంచి, శుక్రవారం స్తంభం మీంచి జారి కాలు విరగ్గొట్టుకున్నాడు.

"ఆపేద్దామే. వచ్చే నెల వేద్దాం," అన్నాడు కట్టు కట్టించుకొచ్చి మంచమెక్కి.

"వచ్చే నెల దాకా బజారు మనదేనా?" అంది గుల్షన్. క్యాసెట్టు తనే పెట్టింది.

పదకొండూ పదికల్లా ఫోను మోత. బొమ్మ రెండుగా కనపడుతోందని ఒకళ్లు, కళ్లు తిరుగుతున్నాయని ఒకళ్లు, ఏమీ బయటికి రావట్లేదని అందరూను. ఫోను అన్సార్ మంచం మీద పెట్టి, తను వీధిన పడింది గుల్షన్.

మొదటిది ఆసుపత్రి ఆయా ఆరోగ్యమ్మ ఇల్లు. చూడగానే గుల్షన్‌కి సగం అర్థమైంది. టీవీ ముందు నీలం ప్లాస్టిక్ అద్దం తగిలించి ఉంది.

"ముందు ఇది తియ్యాలి వదినా."

"అమ్మో, అది తీస్తే కళ్లు పాడవుతాయంట!"

"అరగంటకేం పాడవ్వవు. కళ్లకీ నీలం, టీవీకీ నీలం అయితే ఆ పైన ఎర్ర కాగితం ఏం చేస్తుంది?"

సగం వీధికి ఆ అద్దమే రోగం. ఫోను చేసినవాళ్లందరికీ ముందు అది తియ్యమని చెప్పమని మొగుడికి కబురంపింది. కొందరు జోడు తిరగేసి పెట్టుకున్నారు. ఇంకొందరు తెరకి ముక్కు ఆనించి కూర్చున్నారు. ఇశ్రాయేలు మాస్టారైతే తన కళ్లద్దాలు తీసేసి అట్టజోడు పెట్టుకుని, అంతా మసగ్గా ఉందని పోట్లాటకొచ్చారు.

"మీ అద్దాల మీదే ఇది పెట్టుకోవాలి మాస్టారూ."

"జోడు మీద జోడా? ఎవరన్నా చూస్తే?"

"పెట్టుకోండి. నేనెవరికీ చెప్పన్లెండి."

ఆ తిరుగుడులో గుల్షన్‌కి ఇంకో సంగతి తెలిసొచ్చింది. "ఇప్పుడు కనపడుతోందా?" అని అడిగితే కనపడనివాళ్లూ మొహమాటానికి ఆ ఆ అంటారు. ఆ క్యాసెట్టులో ఒక చిలక ఉంది. అల్లంత దూరాన్నించి ఎగిరొచ్చి సరిగ్గా ముక్కు ముందు ఆగుతుంది. అది వచ్చే వేళకి గుల్షన్ టీవీని చూడటం మానేసి మనిషిని చూసేది. తల చటుక్కున వెనక్కి పోయిందా, పని అయినట్టే. పక్కింటికి పోయేది.

మూడింటప్పుడు దశరథరామయ్యగారి దగ్గర్నుంచి కబురొచ్చింది. అమ్మకి ఏమీ కనపడట్లేదు, ఇంత మాత్రానికి ఇంత హంగామా ఎందుకంటోంది, రేపు బెజవాడ ఆయన్ని రమ్మంటున్నామని.

గుల్షన్ ఒక్క ఊపున వెళ్లింది. పెద్ద కలర్ టీవీ, ముందు నీలం అద్దం లేదు. ఆండాళమ్మగారు కుర్చీలో నిటారుగా కూర్చుని ఉంది, జోడు సరిగ్గానే పెట్టుకుంది. చిలక వచ్చింది. దశరథరామయ్యగారి తల వెనక్కి పోయింది. ఆండాళమ్మగారి తల బొమ్మలా అక్కడే ఉంది.

"మీకు కనపడిందిగా సెట్టిగారూ!" అంది గుల్షన్.

"నాకు కనపడితే ఏం లాభమమ్మా? అమ్మకి కనపడాలి గదా!"

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు, జోడు సరిగా పెట్టుకోలేదని నా మీద తొయ్యకు పిల్లా," అంది ఆండాళమ్మగారు.

"లేదు మామ్మగారూ. మీకు ఏ రంగులో కనపడుతోంది?"

"ఏ రంగేవిటి, అంతా నీలం."

ఎర్రా నీలం కలిసి కనపడాలి. ఒట్టి నీలమంటే ఎడమ కన్ను చూడట్లేదు. వత్సవాయిలో వాళ్ల నాయనమ్మ కరీమాబీకి ఇలాగే ఒక కన్ను మెల్లమెల్లగా పోయింది. రెండోది బాగుండటంతో ఆమెకే తెలియలేదు.

వెలుతురు అడ్డొస్తోందని చెప్పి అందర్నీ బయటికి పంపి, తలుపు దగ్గరకి వేసింది. జోడు తీయించి, తన అరచెయ్యి ఆండాళమ్మగారి కుడి కంటికి అడ్డం పెట్టింది.

"ఇప్పుడు నేనెలా ఉన్నాను?"

ఆండాళమ్మగారు మెడ సాచి చూసింది. "పొగలో ఉన్నట్టున్నావు," అంది చివరికి. ఆ మాట అంటూనే బొడ్లో కొట్టు తాళాలు తడుముకుంది. "గింజ చూసి పాతదో కొత్తదో చెప్పేదాన్ని. ఈమధ్య తప్పుతుంటే గింజలే బాలేవనుకున్నా. మావాడికి తెలిసిందంటే ఈ తాళాలు అడుగుతాడు. లైను బాలేదని చెప్పెయ్."

"అట్లా చెబితే నా లైను పోతుంది. ఊరుకుంటే మీ కన్ను పోతుంది. రెండూ పోగొట్టుకుందామా మామ్మగారూ?"

"నోరు బాగానే ఉంది నీకు."

"నేనైతే ఏమీ చెప్పను. మీ కన్ను సంగతి మీరు చెప్పాల్సిందే," అని గుల్షన్ తలుపు తీసింది.

"ఏం తేలింది?" అన్నారు దశరథరామయ్యగారు. గుల్షన్ పెదవి విప్పలేదు. అన్సార్ మళ్లీ లారీ ఎక్కడం కళ్ల ముందు కనపడుతోంది, అయినా విప్పలేదు.

"లైనుకేం, నిక్షేపంలా ఉంది," అంది ఆండాళమ్మగారు లోపల్నించి. "నా ఎడమ కన్నే ఆనట్లేదు. ఆ బెజవాడాయన్ని రమ్మనక్కర్లా, మనమే బెజవాడ పోదాం, కంటి డాక్టరు దగ్గరికి. తాళాలు మాత్రం నా దగ్గరే ఉంటాయి, ముందే చెబుతున్నా."

డాక్టరు శుక్లం అన్నాడు, ఆపరేషన్ చేశాడు. బజారు లైన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. రెండు నెలలకి అన్సార్ కట్టు విప్పించుకుని కుంటుతూనే స్తంభం ఎక్కాడు.

ఆ తరవాతి ఆదివారం ఊళ్లో ఎవరూ అడగని త్రీడీ క్యాసెట్టు మళ్లీ పడింది. అప్పటికి అట్టజోళ్లన్నీ ఎటుపోయాయో, బొమ్మ రెండుగా ఉందని ఒకటే ఫోన్లు. "అరగంట ఓర్చుకోండి, ఒకళ్ల కోసం వేస్తున్నాం," అని అన్సార్ అందరికీ చెబుతూ కూర్చున్నాడు.

గుల్షన్ అక్కడ లేదు. దశరథరామయ్యగారింట్లో, దాచి ఉంచిన ఒక్క అట్టజోడూ ఆండాళమ్మగారికి పెట్టి, టీవీకి వీపు పెట్టి నిలబడి ఉంది. చిలక ఎగిరొచ్చే వేళైంది. ఆండాళమ్మగారి తల ఎంత జోరుగా వెనక్కి పోయిందంటే, కుర్చీ చెక్కకి ఠపీమని తగిలింది.

"ఏం పిల్లా," అంది తల రుద్దుకుంటూ, "టీవీ అటుంటే నన్ను చూస్తావేం?"