కూర్చునేంత జాగ

మొన్న ఆదివారం ఉదయం శంషాబాద్ నుంచి పాస్టరుగారు ఫోన్ చేసి, మా చిన్నమ్మ ప్రభువునందు నిద్రించిందని చెప్పారు. ఏడుపు కంటే ముందు నాకు కోపం వచ్చింది. నిద్రించడమేమిటండీ? గుండె ఆగి చనిపోయింది. బతికినన్నాళ్లూ మెలకువగా ఉన్న మనిషి. ఆ మెలకువ సంగతి చెప్పకుండా ఆమెను పూలదండల కింద కప్పేస్తే నేనూరుకోను.

నిజానికి చర్చివాళ్లతో నాకున్న ఈ తగాదాలో తప్పు నాదే ఎక్కువ. ప్రార్థన పేదవాళ్లను జోకొడుతుందని ఇరవై ఏళ్లుగా ఈ పత్రికలో రాస్తూ, సభల్లో చప్పట్లు కొట్టించుకుంటూ వచ్చినవాణ్ణి. చిన్నమ్మ ఆ వ్యాసాలు చదివేది. నలభై దాటాక చర్చిలో నేర్చుకున్న చదువు. అక్షరాల కింద వేలు పెట్టి కూడబలుక్కునేది. చివరికి కళ్లజోడు తీసి, "మంచిగనే రాసినవ్ కొడుకా. గని కీర్తనలు సదివినవా, సదవకనే తిడుతున్నవా?" అనేది.

చదవలేదు. ఆ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

పొద్దున షిఫ్టు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఆమె బైబిలు తెరిచి కీర్తనలు తీసేది. భక్తుడు దేవుణ్ణి నిలదీసే చోటు రాగానే గొంతు లేచేది. నన్ను మరిచిపోయావా, ఇంకా ఎన్నాళ్లు అని అతను మొరపెట్టుకుంటుంటే, ఈమె "అడుగు, గట్టిగ అడుగు" అని వత్తాసు పలికేది. మేం ధర్నాల్లో కలెక్టర్లను ఇంతకంటే మర్యాదగా అడుగుతాం.

ఆమె పనిచేసిన గోదాము విమానాశ్రయం దారిలో ఉంది. సామాను పెట్టెల్లో సర్ది టేపు వేయడం పని. అదే నేల పొలంగా ఉన్నప్పుడు ఆమె అక్కడ కూలికి కలుపు తీసింది. అప్పుడు అలసిపోతే గట్టు మీద కూర్చోనిచ్చేవాళ్లు. ఇప్పుడు ఎకరాల కొద్దీ రేకుల కప్పు కింద ఒక్క స్టూలు లేదు. అన్నం తినే అరగంట తప్ప షిఫ్టంతా నిలబడాలి. సాయంత్రానికి చెప్పులు పట్టనంతగా పాదాలు ఉబ్బేవి.

అక్కడి ఆడవాళ్లు ఓ సంగతి పసిగట్టారు. చిన్నమ్మ తల మీద కొంగు కప్పుకొని నేల మీద కూర్చుంటే, ప్రార్థనలో ఉందని సూపర్‌వైజర్ పక్కకు తప్పుకొనేవాడు. కొత్తూరు వైపు పల్లె మనిషి, దేవుడంటే భయం.

"అక్కా, అందరం కొంగు కప్పుకుందం," అంది ఒకామె. "గంటకోపారి నీ యేసయ్యకు మొక్కుదం. మా మల్లన్న ఏమనుకోడుతియ్!"

ఈ ముచ్చట చిన్నమ్మ చెప్పగానే నేను ఎగిరి గంతేశాను. భలే ఎత్తుగడ, సాగించమన్నాను. ఆమె నవ్వలేదు.

"దొంగ ప్రార్థన చెయ్య, కొడుకా."

"దొంగలు వాళ్లు చిన్నమ్మా! నీ కాళ్లను దోచుకుంటున్నది వాళ్లు!"

"వాళ్లు దొంగలైతే నేనెందుకు దాక్కోవాలె? ఇరుకుల పడి మొత్తుకుంటే ఆయన బయటికి తీస్కపోయి ఖుల్లా జాగల నిలబెట్టిండని రోజూ సదువుతున్న. కొంగు కింద దాసిపెట్టిండని ఏడ గూడ లేదు."

"పని పోతుంది."

"పోతే పోనీ. కూసుంటున్న అని చెప్పే కూసుంట."

 

మర్నాడు ఆమె ఓ ప్లాస్టిక్ క్రేటు బోర్లించి, కొంగు భుజం మీదే ఉంచుకొని కూర్చుంది. సూపర్‌వైజర్ వచ్చాడు. "ప్రార్థననా అక్కా?" అన్నాడు, తప్పుకోవడానికి దారి వెతుక్కుంటూ.

"కాదు తమ్మీ. కాళ్లు గుంజుతున్నయ్, కూసున్న. చేతులు ఆగలే, సూడు."

ఆ మాట మేనేజర్ దాకా పోయింది. అతను వచ్చి గేటు పాసు లాక్కున్నాడు. ఆమె బయటికి నడుస్తుంటే ఒక్కొక్కరే టేపులు కింద పెట్టి కదిలారు, మల్లన్న పేరెత్తినామె అందరికంటే ముందు. రోడ్డు పక్క మట్టిలో కాళ్లు బారజాపుకొని కూర్చున్నారు. అప్పుడు కప్పుకుంది చిన్నమ్మ తల మీద కొంగు. కీర్తన తీసి గట్టిగా చదివింది. నేను ఉపన్యాసంతో పరుగున చేరుకుంటే, "జర ఆగు, సదువుడు కానీ," అంది. నెత్తి మీద విమానం దిగుతుంటే ఆగి, అది పోయాక మళ్లీ ఆ వాక్యం మొదటి నుంచి అందుకుంది.

లోపల పని ఆగిపోయేసరికి మూడో రోజు గేటు పాసు తిరిగొచ్చింది. వారం తిరక్కుండా బెంచీలొచ్చాయి.

"గెలిచావు చిన్నమ్మా!" అన్నాను.

"నేనేం జేసిన? ఆయనే ఖుల్లా జాగకు తీస్కొచ్చిండు. ఇశ్రాంతంటే పండుకునుడు కాదు కొడుకా, భయం లేకుండ కూసునుడు."

ఆమెను చూపించి ఓర్పు బోధించబోయే పాస్టర్లకూ, ఆమె దేవుణ్ణి వదిలేసి పోరాటం మాత్రం ఏరుకోబోయే నా మిత్రులకూ చెబుతున్నాను: ఆమెను ముక్కలు చేయకండి. ఆ తెగువ ఆ కీర్తనల్లోంచే వచ్చింది. నేను కళ్లారా చూశాను. ప్రార్థన మీద నా పాత వాక్యాన్ని ఇదే పత్రికాముఖంగా వెనక్కి తీసుకుంటున్నాను.

భూస్థాపన అయ్యాక ఆమె సామాను తెచ్చుకోవడానికి గోదాముకు వెళ్లాను. బెంచీ మీద, బూట్లు విప్పేసి, ఒకమ్మాయి మడమ నొక్కుకుంటోంది. కొత్తగా చేరిందట. ఈ బెంచీలు ఎలా వచ్చాయో తెలుసా అని అడిగాను.

"ఏమో అన్నా, నేనొచ్చేసరికే ఉన్నయ్," అంది. తర్వాత టిఫిన్ డబ్బా ఒళ్లోకి తీసుకొని పక్కకు జరిగింది. "నిలబడ్డవేంది? కూసో, చానా జాగుంది."