కొబ్బరి పండని గ్రహం

రాసుకుంటున్నావా? రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. మీ మేనత్త బెంగుళూరు వెళ్ళి పరిశోధన చేస్తానంది. ఎక్కడో వేరే సూర్యుళ్ళ చుట్టూ తిరిగే గ్రహాల మీద గాలి ఎలాంటిదో కనిపెడుతుందట. మీ తాతగారేమో వాళ్ళ అన్నయ్యగారి మాట దాటరు. ఆయన ఊఁ అంటేనే ప్రయాణం, లేకపోతే అమలాపురంలో టీచరుద్యోగం.

మీ పెద్ద తాతగారు అరుగు మీద కూర్చుని విచారణ మొదలుపెట్టేరు. అంత దూరాన ఉన్న గాలి నీకెలా కనబడుతుందన్నారు. మీ అత్త పళ్ళెంలోంచి ఓ పూతరేకు తీసి, మడత విప్పి, ఎండకి ఎత్తి పట్టుకుంది. వెలుతురు ఆ పొర దాటి వచ్చేటప్పుడు అందులో ఏముందో చెప్పేస్తుందని, పంచదార ఎక్కడుందో నెయ్యి ఎక్కడుందో చూపించింది. గ్రహం తన సూర్యుడికి అడ్డొచ్చినప్పుడు దాని చుట్టూ ఉన్న గాలిపొరా ఇంతేనంది. ఆయన శ్రద్ధగా చూసి, ఆ గాలిపొరని మడిచి నోట్లో వేసుకున్నారు.

"బావుందమ్మా. ఇంతకీ నువ్వు వెతికేదేంటి?"

"మరీ వేడీ, మరీ చలీ కాని గ్రహమండి, పెదనాన్నగారూ. గాలిలో నీటి ఆవిరి ఉండాలి."

ఆయన నమలడం ఆపేసేరు.

"అంటే కొబ్బరి వేసుకోవచ్చన్నమాట. కేరళ కాయకే మన తోటల్లో కాయ ధర పడిపోతుంటే, పైనుంచి కూడా దిగితే మనమేమైపోవాలి?"

అక్కడికి వెళ్ళాలంటేనే వేల ఏళ్ళు పడుతుందని మీ అత్త చెప్పబోతుంటే నేను దాని కాలు తొక్కేను.

"మనింటి పిల్ల అక్కడుంటే, ఎవరికన్నా ముందు మనకే కబురొస్తుంది కదండీ, బావగారూ" అన్నాను.

"ఆయ్, అదీ నిజమే" అని, ఆ వారమే దగ్గరుండి రైలెక్కించేరు.

ఆ తరవాత ఏటా తొలకరికి ఫోన్ చేసి, దొరికిందా అని అడిగేవారు. లేదంటే నిశ్చింతగా కొత్త మొక్కలు నాటించేవారు. ఓ ఏడాది మాత్రం, ఏదో గ్రహం గాలిలో ఆవిరి ఉన్నట్టుందని చెప్పింది. ఆయన ఫోన్ చేత్తో మూసి, మొక్కలు నాటేవాళ్ళని ఆగమన్నారు.

"వేడెంతమ్మా అక్కడ?"

"కాలిన పెనం కన్నా ఎక్కువండి. కొబ్బరి మొక్క బూడిదైపోద్ది."

"ఆయ్, చల్లని కబురు చెప్పేవు" అని, పని కానివ్వమని సైగ చేసేరు.

పక్కనే ఉన్న మీ తాతగారు, చదివింది చాలు, వచ్చెయ్యమనండి, సంబంధాలు చూద్దామన్నారు. అన్నయ్యగారు కస్సుమన్నారు.

"అది లేచొచ్చేస్తే, మన తరఫున పైకి చూసేదెవర్రా?"