బ్రహ్మచారి టంకం

పద్మారావు నగర్‌లో పాల బూత్ పక్క సందులో బ్రహ్మచారికి బంగారం కొట్టు ఉండేది. కొట్టంటే ఒక ఇరుకు గది, అందులో కుంపటి, గడప దగ్గర ఒక బెంచీ. వాళ్ల నాన్న కూర్చున్న చోటే తనూ కూర్చుని, ఊదుగొట్టంతో మంట ఊదుతూ ఆ చుట్టుపక్కల ఎంతమంది మెడల్లోకో గొలుసులు చేసిపెట్టాడు. ఆడపిల్ల పుట్టిందంటే చెవులు కుట్టడానికి అతనికే కబురు వచ్చేది. వెళ్లి, పిల్ల ఏడుపు ఆగేదాకా ఉండి, కాఫీ తాగి వచ్చేవాడు.

తర్వాత సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు వచ్చాయి. ఇంటికొక పిల్లో పిల్లాడో మాదాపూర్ బస్సెక్కడం మొదలుపెట్టారు. జనం చేతుల్లో డబ్బు ఆడింది. దాంతో పాటే మెయిన్ రోడ్డు మీద అద్దాల షోరూములు వెలిశాయి. లోపల ఏసీ, కూర్చోగానే కూల్‌డ్రింక్, నగ మీద ముద్ర. ఊళ్లో ఎన్నడూ లేనంత బంగారం అమ్ముడుపోతున్న ఆ రోజుల్లోనే అవుసుల వాళ్ల, అంటే కంసాలుల, కుంపట్లు ఒక్కొక్కటే చల్లారిపోయాయి. బ్రహ్మచారితో పాటు పని నేర్చుకున్న ఒకాయన అలాంటి ఒక షోరూం ముందే యూనిఫాం వేసుకుని తలుపు తీసే పనికి కుదిరాడు. బ్రహ్మచారి దగ్గరికి ఊడిపోయిన కొక్కేలు, వంగిపోయిన ముక్కుపుడకలు తప్ప ఇంకేమీ వచ్చేవి కావు. చివరికి అవీ రాలేదు.

అతని మేనల్లుడు కిషన్‌కు పార్క్‌లేన్‌లో కంప్యూటర్లు బాగుచేసే షాపుంది. మామ చెయ్యి ఎంత నిలకడగా ఉంటుందో చిన్నప్పటి నుంచీ చూసినవాడు. ఒకరోజు వచ్చి, "మామా, ఈ చిప్పులు పీకుడు, అతుకుడు మా పోరగాళ్లతోటి అయితలేదు. బోర్డులు కాలబెడుతున్నరు. నువ్వు జెర వచ్చి కూసోరాదు?" అన్నాడు.

బ్రహ్మచారి కొట్టు ఖాళీ చేసి వెళ్లి కూర్చున్నాడు. పని రెండు పూటల్లో పట్టుబడింది కానీ మనసుకు పట్టలేదు. బంగారం పట్టిన చేత్తో చిప్పులు అతికే సీసం పట్టుకోవాల్సి వచ్చిందే అని లోపల ఒకటే రగిలేది. సాయంత్రం ఇంటికి రాగానే సబ్బుతో మోచేతుల దాకా కడుక్కునేవాడు. ఆ వాసన పోవడం లేదని భార్య బుచ్చమ్మ మీద విసుక్కునేవాడు. వాసన ఏమీ లేదని ఆమె చెప్పినా వినేవాడు కాదు.

ఒక వేసవి మధ్యాహ్నం నేరేడ్‌మెట్ నుంచి తల్లీకూతుళ్లు ల్యాప్‌టాప్ పట్టుకుని షాపుకొచ్చారు. కూతురి పేరు సాయిదుర్గ. సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ ఉద్యోగం.

"ఫ్యాన్ ఆగకుండా మోగుతోందని కొత్త బయోస్ వేశానండి, వాళ్ల సైట్‌లో ఉంటేనే. సగంలో కరెంట్ పోయింది. బ్యాటరీ ఎప్పుడో డెడ్. అప్పట్నుంచీ లైట్ వెలుగుతోంది, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మాత్రం నల్లగానే ఉంది" అంది కిషన్‌తో.

"బటన్ నొక్కంగనే సిస్టమ్‌ను లేపేదే అది. సగం రాసుకొని ఆగిపోయింది. ఇగ ఎట్ల లేస్తది?" అన్నాడు కిషన్. ముందు ఒక పెన్ డ్రైవ్‌లో ఆ ఫైలు వేసి, ఏవో రెండు బటన్లు నొక్కిపట్టుకుని ఆన్ చేసి చూశాడు. కొన్నిటికి అంతటితో ప్రాణం వస్తుంది. దీనికి రాలేదు.

"సర్వీస్ సెంటర్‌లో బోర్డు మొత్తం మార్చాలన్నారు బాబూ" అంది తల్లి.

"అక్కర్లేదమ్మా. ఆ ప్రోగ్రాం ఉండే చిప్పు ఒక్కటి పీకి, మిషన్‌ల పెట్టి మళ్ల కొత్తగ రాసి, తిరిగి అతికిస్తం. మా మామ చేస్తడు."

తల్లి గొంతు వినగానే మూల స్టూలు మీదున్న బ్రహ్మచారి తలెత్తి చూశాడు. కాంతమణి గారు! తుని వైపు నుంచి వచ్చిన కుటుంబం, భర్త వరహాలబాబుకు రైల్వేలో ఉద్యోగం. ఒకప్పుడు పద్మారావు నగర్‌లోనే అద్దెకుండేవారు. వాళ్లమ్మ మెడలో ఉన్నటువంటిదే కావాలని రెండు పేటల గొలుసు, హంస బిళ్లతో చేయించుకుంది. పని అయ్యేదాకా రోజూ కొట్టు ముందు బెంచీ మీద కూర్చుని, ఊళ్లో కబుర్లు చెబుతూ చూసేది. ఆ హంస ముక్కు కుదరక రెండుసార్లు కరిగించి మళ్లీ చేశాడు. అతను చేసిన నగల్లో అంత ఇష్టంగా చేసింది ఇంకొకటి లేదు. కానీ ఆమె అతణ్ని గుర్తుపట్టలేదు. అద్దాలు, నెత్తి మీద లైటు, ముందు విప్పిన పచ్చని బోర్డు. ఎలా గుర్తుపడుతుంది?

ఆ రోజు అతని చెయ్యి ఎప్పటిలా సీసం పనికి విసుక్కోలేదు. చిప్పుకు చీమ కాళ్లంత సన్నటి కాళ్లు. వేడి గాలి ఎంత దూరం నుంచి తగలాలో, ఎప్పుడు తీసెయ్యాలో ఊపిరి బిగబట్టి చూసుకున్నాడు. పట్టకారుతో ఎత్తితే చిప్పు పువ్వు కోసినట్టు వచ్చింది. కిషన్ దాన్ని మిషన్‌లో పెట్టి కొత్తగా రాశాడు. బ్రహ్మచారి తిరిగి దాని చోట దాన్ని కూర్చోబెట్టి, ఒక్కో కాలికీ టంకం తాకించాడు.

కిషన్ బటన్ నొక్కాడు. తెర నల్లగానే ఉండిపోయింది. సాయిదుర్గ తల్లి చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి కంపెనీ పేరు తెల్లగా వెలిగింది. ఆ పిల్ల చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"మీ చెయ్యి చల్లగుండాలండీ" అంది కాంతమణి.

ఆ మాటకు బ్రహ్మచారి ఆగలేకపోయాడు. అద్దాలు తీసి లేచి నిలబడ్డాడు. "అమ్మా, నన్ను గుర్తుపట్టలేదా? బ్రహ్మచారిని. పద్మారావు నగర్ల, మీ హంస బిళ్ల గొలుసు..."

ఆమె మొహంలో నవ్వు అక్కడే ఆగిపోయింది. "మీరా! చిక్కిపోయారండీ. గుర్తే పట్టలేదు."

"గొలుసు మంచిగున్నదా అమ్మా? కొక్కెం గిట్ల వదులైతే తేండ్రి. బిగిచ్చిస్త."

కాంతమణి కూతురి వైపు చూసింది. "లేదండి, మార్చేశాం. దీనికి ఉద్యోగం వచ్చిన కొత్తలో షోరూంలో ఇచ్చి నెక్లెస్ తీసుకుంది." కొంగు సర్దుకుని మళ్లీ అంది, "మీరడిగారు కాబట్టి చెబుతున్నాను, ఏమనుకోకండి. మా ఎదురుగానే కరిగించారు. తరుగు చూస్తే కళ్లు తిరిగాయి. అంతా టంకమేనండీ, చేసినవాడు మిమ్మల్ని నిలువునా ముంచాడు అన్నారు. మా ఆయన అప్పుడే మీ కొట్టు మీదికి వస్తానని లేచారు. నేనే, పోనివ్వండి, ఎలా బతుకుతున్నాడో ఏమో అని ఆపాను."

బ్రహ్మచారి ఒక అడుగు ముందుకు వేశాడు. "టంకం లేకుండ గొలుసెట్ల నిలుస్తదమ్మా? ఒక్కొక్క లంకెకూ పెట్టాలె గదా. ఆ టంకంల సుత బంగారమే ఉంటది. మీరు ముంగటనే కూసున్నరు, అంతా చూసిన్రు గదా!"

"నేను చూసి ఏం చేస్తానండి? నాకేం తెలుస్తుంది?"

"మామా, ఇగ ఆపు. కస్టమర్లు" అన్నాడు కిషన్ పళ్లు బిగించి.

బ్రహ్మచారి కూర్చున్నాడు. కాంతమణి కిషన్ పక్కకు జరిగి, గొంతు తగ్గించి, "బాబూ, లోపల అన్నీ మావే ఉన్నాయి కదా? ఏవీ మార్చలేదు కదా?" అని అడిగింది. ఆ గదిలో గొంతు ఎంత తగ్గిస్తే మాత్రం ఏం లాభం?

"అమ్మా!" అంది సాయిదుర్గ. అన్నదే కానీ, మెమరీ ఎంత ఉందో తెర మీద తెరిచి చూసుకుంది.

కిషన్ మెషీన్ తిరగేసి, అప్పుడే బిగించిన మూత మళ్లీ విప్పాడు. "ఇగో, మీ చిప్పే. మీ ర్యామే. చూడుండ్రి."

కాంతమణి వంగి చూసింది. "ఇక్కడ కొత్తగా మెరుస్తోందేం?"

"అది సోల్డర్ అమ్మా. అతికించినం గదా."

"టంకమేగా" అంది ఆమె.

సాయంత్రం ఇల్లు చేరాక బుచ్చమ్మకు అంతా చెప్పాడు. ఆమె కూర తరుగుతున్నదల్లా కత్తిపీట పక్కకు పెట్టి, "నిన్నెవరు అడిగిండ్రు చెప్పుమని? మూసుకొని కూసుంటే, చెయ్యి చల్లగుండాలె అన్న మాటన్న దక్కుతుండె" అంది. ఆమెకూ కోపమే. అది ఎవరి మీద చూపించాలో తెలియక అతని మీద చూపించింది.

అతనికి మాత్రం అది మింగుడు పడలేదు. కాంతమణి గారికి తెలియదు సరే, వరహాలబాబు గారు చదువుకున్న మనిషి, చూపిస్తే అర్థం చేసుకుంటాడు అనుకున్నాడు. షాపులో రాసుకున్న అడ్రసు పట్టుకుని, ఒక ఆదివారం పొద్దున నేరేడ్‌మెట్ వెళ్లాడు. జేబులో గీటురాయి, పాత డబ్బాలో మిగిలిన టంకం ముక్క. రాయి మీద గీసి, అందులో ఎంత బంగారం ఉందో ఆయన కళ్లతో ఆయన్నే చూడమనాలని.

వరహాలబాబు గేటు దాకా వచ్చాడు. గేటు మాత్రం తీయలేదు. సంగతి సగం విని, "ఇప్పుడవన్నీ ఎందుకండీ? ఎప్పుడో అయిపోయింది. మేమేం మనసులో పెట్టుకోలేదు" అన్నాడు.

"ఒక్కసారి చూడుండ్రి సార్. రాయి తెచ్చిన."

"అయ్యో, వద్దండీ. మీ మీద మాకేం కోపం లేదు. మీకు మంచి పని దొరికిందట కదా, సంతోషం. జాగ్రత్తగా చేసుకోండి."

కొట్టినా బాగుండేదనిపించింది బ్రహ్మచారికి. తిట్టినా తిరిగి ఒక మాట అనగలిగేవాడు. క్షమించేశాక మనిషి ఇంకేం మాట్లాడతాడు?

మరో వారానికి కిషన్ షాపులో వెనక భాగానికి ప్లైవుడ్ చెక్కలు కొట్టించి, మామ స్టూలు, దీపం అటువైపు వేయించాడు. "నిన్ను అనుమానించి కాదు మామా. కస్టమర్లతోని పరేషాన్ ఎందుకని" అన్నాడు, మొహం చూడకుండా. బ్రహ్మచారి సరేనన్నాడు. అప్పటి నుంచి చెక్కలో కోసిన చిన్న కిటికీలోంచి బోర్డులు లోపలికి వచ్చేవి, బాగై బయటికి పోయేవి. ఎవరివో అతనికి తెలిసేది కాదు. చేసిందెవరో వాళ్లకూ తెలిసేది కాదు. చచ్చాయనుకున్న ఎన్నో ల్యాప్‌టాప్‌లు అక్కడ లేచి కూర్చున్నాయి. బయట ఎవరో సంతోషంగా అరవడం వినిపించేది. అతను తల వంచుకుని తర్వాతి బోర్డు అందుకునేవాడు.

ఆ కాంప్లెక్స్‌లో కొత్తగా షాపు తెరిచిన ఒకతను టీ తాగుతూ అడిగాడు, "పెద్దాయనా, చెయ్యి ఇంత సాఫ్‌గ ఉన్నది. ఇంతకుముందు ఏం పని చేసేటోనివి?"

"మొదటి సంది ఇదే పని" అన్నాడు బ్రహ్మచారి.