సుజాతక్క చెప్పిన రెండు జవాబులు

నిన్న పొద్దున కాఫీ కలుపుతుంటే డోన్ నుంచి భాస్కర్ ఫోన్.

"చిన్నమ్మా, అమ్మ పోయింది."

ఏ అమ్మ, ఎవరి అమ్మ అని అడిగాను. నిజంగానే అడిగాను. బుర్ర పనిచేయలేదు.

మా పెద్దమ్మ కూతురు సుజాతక్క. భాస్కర్ తల్లి. హార్ట్ ఎటాక్. యాభై కూడా నిండలేదు.

ఇది చదువుతున్న మీలో చాలామందికి అక్క అంటే ఆమె చేతి బొరుగుల ఉగ్గాని, బజ్జీ, పెద్ద నవ్వు. నాకు తెలిసిన అక్క వేరే.

భాస్కర్‌కు ఏడాది నిండేసరికి కంటిపాపల్లో తెల్లగా కనిపించింది. రెండు కళ్లలోనూ పుట్టుకతో వచ్చిన శుక్లాలు. బావ లారీ మీద ఎక్కడో ఉన్నాడు. అప్పుడు నేను కర్నూల్లో డిగ్రీ చదువుతున్నాను. అక్క పిల్లాణ్ణి ఎత్తుకొని వస్తే ఆసుపత్రికి నేనే తోడు వెళ్లాను.

డాక్టరు ఓపికగా చెప్పాడు. శుక్లం తీయడం తప్పదు. తీశాక ఆర్టిఫిషియల్ లెన్స్ ఇప్పుడే పెట్టాలా, కొన్నేళ్లు ఆగి పెట్టాలా అన్నదే ప్రశ్న. ఇప్పుడే పెడితే మరీ మందం అద్దాలు అక్కర్లేదు. కానీ కన్ను పెరిగేకొద్దీ పవర్ మారుతుంది, మళ్లీ ఆపరేషన్ పడొచ్చు. ఆగితే, అప్పటిదాకా మందపాటి అద్దాలు రోజంతా పెట్టి ఉంచాలి. లేకపోతే చూపు ఎదగదు.

"ఇంత చిన్నోడు అద్దాలు యాడ పెట్టుకుంటాడు సార్? పీకి పారేస్తాడు. లెన్సే పెట్టండి."

అక్కే చెప్పింది.

రెండు మూడేళ్లు బాగానే ఉంది. తర్వాత ఎడమ కంట్లో ప్రెషర్ పెరిగింది. గ్లకోమా అన్నారు. చుక్కల మందులు, ఇంకో ఆపరేషన్, మళ్లీ ఇంకోటి.

ఆ కన్ను పోయింది.

"లెన్స్ వల్లే అనుకోవద్దమ్మా. ఇంత చిన్న వయసులో శుక్లం తీసిన కంట్లో, లెన్స్ పెట్టకపోయినా ఇది రావొచ్చు" అని డాక్టరు చెప్పాడు.

అక్క తలూపింది. నమ్మలేదు.

తర్వాత కూతురు మౌనిక పుట్టింది. అక్క పసిబిడ్డను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి కళ్లలోకి చూసిందట. నాకు ఫోన్ చేసింది.

"దీనికీ ఉండాదే."

అంతే. ఫోన్ పెట్టేసింది.

మళ్లీ డాక్టరు ముందు కూర్చున్నాం. మళ్లీ అదే ప్రశ్న. ఈసారి అక్క అత్తగారు కూడా వచ్చింది. "ఆడపిల్ల. ఆ సోడాబుడ్డి అద్దాలతో యాడ తిప్పుతావు? లెన్స్ ఏపించు" అంది.

అక్క ఆమె వైపు కూడా చూడలేదు. "వద్దు సార్. అద్దాలే ఇయ్యండి. నేను చూసుకుంటా."

చూసుకుంది. ఎలాస్టిక్ కట్టి తలకు బిగించేది. పిల్ల పీకేసేది, అక్క పెట్టేది. అన్నం తినిపిస్తూ, జడ వేస్తూ, బస్సులో కూర్చొని, రోజంతా అదే పని. ఒకసారి డోన్ స్టేషన్‌లో ఎవరో ముసలామె "ఇంత బిడ్డకు ఇంత అద్దాలేందమ్మా, తీసేయ్ కొంచేపు" అంది.

"తీస్తే పాపకు నేను గూడా కనపడనవ్వా" అంది అక్క.

బడికి వెళ్లే వయసొచ్చాక మౌనికకు లెన్స్ పెట్టించారు. ఇప్పుడు కడపలో నర్సింగ్ చదువుతోంది. రెండు కళ్లూ బాగున్నాయి.

అదే అక్కను తినేసింది.

మౌనిక పుస్తకం పట్టుకుంటే మురిసిపోయేది. ఆ వెంటనే భాస్కర్ వైపు చూసి ముఖం తిప్పుకునేది.

"వానికి గూడా అప్పుడు వద్దనింటే?" అని నన్ను ఎన్నిసార్లు అడిగిందో లెక్కలేదు. డాక్టరు చెప్పిందే నేనూ చెప్పేదాన్ని.

"నువ్వు ఊరికే అంటాండావు."

నిన్న సాయంత్రం డోన్‌లో అంత్యక్రియలు అయిపోయాక భాస్కర్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"చిన్నప్పుడు ఒగసారి వంటింట్లోకి పోతే, అమ్మ ఎడమ కంటికి చెంగు అడ్డం పెట్టుకోని కూరగాయలు కోస్తాండాది చిన్నమ్మా. ఏమైందమ్మా అంటే నలక పడింది అనింది. మళ్లా శానాసార్లు చూసినా. మిద్దె మెట్లు దిగేటప్పుడు గూడా. నాకు ఎట్లా కనపడుతాదో చూసుకుంటాండాదని తెలుసు నాకు."

ఇన్నేళ్లలో ఈ సంగతి నాతో కూడా అనలేదు అక్క.

"నువ్వేమీ అడగలేదా నాయనా?"

"ఆయమ్మ నన్ను అడగల్యా, నేను చెప్పల్యా. నీ మీద నాకేం కోపం ల్యాదమ్మా అని చెప్పాలనుకుంటి. ఆ మాట ఎత్తితే ఏడుస్తాదని ఊరుకుంటి."

కండువాతో ముఖం తుడుచుకున్నాడు.

"పొద్దున చెప్పినా చిన్నమ్మా. చెవి కాడ నోరు పెట్టి చెప్పినా. అప్పటికే ఒళ్లు సల్లగా ఉండాది."

వాడి భుజం మీద చెయ్యి వేశాను.

సుజాతక్కా, వాడు చెప్పింది నీకు వినబడిందో లేదో నాకు తెలియదు.

వెళ్లిరా అక్కా. ఎక్కడున్నా ఇకనైనా నీ మనసు కుదుటపడాలి.